మన ఇంటి దీపాలు – వాటంతటవే వెలిగే ఏర్పాటు

(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



క్రిందటి నెల కార్యవర్గ సమావేశంలో డి.ఎ. బకాయిల సంగతి, హెల్తు కార్డుల సంగతి అయిపోయిన తర్వాత కార్యదర్శిగారు నా వైపు తిరిగి, "మీ ఇంట్లో దీపాలు వాటంతటవే వెలుగుతాయటగదా, ఆ విషయమేదో మన సభ్యులకు కూడా చెప్పండి" అన్నారు. నేను ఇంజనీరును కాను. 1973లో ఎల్.డి. క్లర్కుగా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయిన వాడిని. కరెంటు పనిలో నాకు ఆఫీసులో వచ్చిన అనుభవమల్లా, ఫ్యాను తిరగడం లేదని నోట్ పెట్టి మూడు నెలలు ఎదురుచూడడమే. అందుచేత ఇక్కడ చెప్పబోయేది పాండిత్యం కాదు. మా ఇంట్లో ఏం చేశాము, ఎక్కడ తప్పు చేశాము అన్నది మాత్రమే చెబుతాను.

దీన్ని ఇంగ్లీషులో హోమ్ ఆటోమేషన్ అంటున్నారు. పేరు వినగానే ఇది మనవలకు సంబంధించిన వ్యవహారమని మనం ప్రక్కకు పెట్టేస్తాము. నిజానికి మన మేడ మెట్ల దగ్గర ఉండే టూవే స్విచ్చి, అంటే క్రింద వేసి పైన ఆర్పేది, అది కూడా ఈ జాతిదే. స్కాట్లండులోని పికో ఎలక్ట్రానిక్స్ అనే సంస్థ 1975లోనే ఇంట్లోని కరెంటు తీగల మీదుగానే సంకేతాలు పంపి దీపాలు వేసి ఆర్పే పద్ధతి తయారుచేసింది. దాని పేరు ఎక్స్-10. ఆ సంవత్సరం నేను డిస్పాచ్ సీట్లో కూర్చుని తపాలా బిళ్ళల లెక్క రాస్తున్నాను. అంటే ఇది మన ఉద్యోగమంత వయసున్న విద్యే గాని నిన్న పుట్టినది కాదు.

మా ఇంటికి ఇది ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి.

మాది కాకినాడలో ప్రభుత్వ గృహనిర్మాణ ఋణంతో 1986లో కట్టుకున్న ఇల్లు. ఆ రోజుల్లో స్విచ్ బోర్డు ఎక్కడ పెట్టాలో మేస్త్రీ చెప్పేవాడు, మనం తల ఊపేవాళ్ళం. పడక గదిలో బోర్డు తలుపు ప్రక్కన ఉంది. మంచం ఎదుటి గోడకు ఉంది. అంటే దీపం కావాలంటే ముందు చీకట్లో గది అంతా దాటాలి. ముప్పై అయిదేళ్ళు అలాగే దాటాము. ఒక జీరో బల్బు ఉండేది గాని, అది కళ్ళలో పడుతున్నదని మా ఆవిడే తీయించేసింది.

2022 ఆగస్టులో ఒక రాత్రి రెండున్నర ప్రాంతంలో ఆవిడ బాత్రూముకని లేచింది. గడప దగ్గర కాలిపట్టా మడత పడి ఉంది. నేను ఆ చప్పుడుకే లేచాను. నేను లేచి, గది దాటి, స్విచ్చి వెతుక్కుని దీపం వేసేసరికి ఆవిడ నేల మీద ఉంది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసి రాడ్డు వేశారు. ఆసుపత్రిలో రెండవ రోజున నేను కాస్త కోపంగానే, "నన్ను లేపవచ్చు గదా, దీపం వేసేవాణ్ణి" అన్నాను. "మిమ్మల్ని ఒకసారి లేపితే మళ్ళీ తెల్లవార్లూ నిద్రపట్టదు కదండీ" అన్నది. నాకు ఇంకొక మాట రాలేదు.

ఇక్కడ కూర్చున్న వారిలో సగం మందికి పైగా రాత్రి కనీసం రెండుసార్లు లేచేవారమే. మధుమేహం మాత్రలు, బి.పి. మాత్రలు, ప్రోస్టేటు – కారణాలు నేను చెప్పనక్కరలేదు. మంచం నుంచి బాత్రూముకు ఎన్ని అడుగులో, ఆ అడుగుల్లో వెలుతురు ఎంతో, అదే మనబోటి వాళ్ళకు ఈ ఆటోమేషన్ అనేదానిలో అసలు పని. తక్కినదంతా సరదా.

ఆవిడ వాకరు పట్టుకుని ఇంటికి వచ్చిన వారం నేను ఒక పని చేశాను. అది మీరు కూడా ఈ రాత్రే చేయవచ్చు, పైసా ఖర్చు లేదు. రాత్రి పదకొండు గంటలకు దీపాలన్నీ ఆర్పి, చేత్తో టార్చిలైటు పట్టుకుని, అది వెలిగించకుండా, మంచం దగ్గర నుంచి నెమ్మదిగా నడవండి. ఎక్కడ చెయ్యి గోడను వెతుక్కుంటుందో, ఎక్కడ కాలు ఆగుతుందో అక్కడ ఆగి టార్చి వేసి ఒక కాగితం మీద రాసుకోండి. మా ఇంట్లో తనిఖీ నోట్ ఇలా తేలింది: మంచం దిగే చోటు, పడక గది గడప, హాలులో కుర్చీ కాలు, బాత్రూము మెట్టు, వంటింట్లో మంచినీళ్ళ కుండ దగ్గర. మొత్తం అయిదు. అందులో రెండింటికి దీపమే అవసరం లేకపోయింది. కుర్చీ జరిపాము, కాలిపట్టా తీసి అవతల పారేశాము.

మిగిలిన మూడింటికి మొదట కొన్నది సాకెట్లో గుచ్చే చిన్న ఎల్.ఇ.డి. దీపం. చీకటి పడితే తనంతట తానే వెలుగుతుంది, తెల్లవారితే ఆరుతుంది. లోపల వెలుతురును గుర్తించే చిన్న కన్ను ఉంటుంది. వీధి దీపాలకు వాడేదీ ఇదే సూత్రం. నేను కొన్నప్పుడు ఒక్కొక్కటి రెండు వందల రూపాయల లోపే. అర వాటు తీసుకుంటుంది. రోజుకు పన్నెండు గంటలు వెలిగినా ఏడాదికి రెండు యూనిట్లకు కాస్త పైన. మన పాత జీరో వాట్ బల్బు పేరుకు జీరో గాని పన్నెండు, పదిహేను వాట్లు లాగేది. ఆ విషయం మనకు ఉద్యోగంలో ఉండగా ఎవరూ చెప్పలేదు. కొనేటప్పుడు పసుపు వెలుగుది కొనండి. తెల్లనిది కళ్ళలో గుచ్చుతుంది, నిద్ర తేలిపోతుంది. గోడకు మోకాలి ఎత్తున ఉన్న సాకెట్లో పెడితే వెలుగు నేల మీద పడుతుంది, ముఖం మీద పడదు.

రెండవది మనిషి కదిలితే వెలిగే దీపం. దీనిలోని సెన్సరును పి.ఐ.ఆర్. అంటారు. అది మన శరీరం నుంచి వచ్చే వేడిని పసిగడుతుంది. వేడి ఉన్న వస్తువు దాని ఎదుట అటు నుంచి ఇటు కదిలితే దీపం వేస్తుంది, కదలిక ఆగిన తర్వాత మనం పెట్టిన సమయానికి ఆర్పుతుంది. అయిదారు మీటర్ల దూరం వరకు చూస్తుంది. సెల్లులతో పనిచేసేవీ, కరెంటుతో పనిచేసేవీ రెండూ ఉన్నాయి. మంచం క్రింద అంచుకు ఒకటి, బాత్రూము తలుపు ప్రక్కన ఒకటి పెట్టించాను. ఆవిడ కాలు క్రింద పెట్టగానే నేల మీద వెలుగు వస్తుంది. మొదటి రాత్రి వెలిగినప్పుడు, "ఎవరో ముందుగా వచ్చి దీపం పట్టుకున్నట్టుందండీ" అన్నది.

దీనిలో రెండు చిక్కులు అనుభవం మీద తెలిశాయి. ఒకటి, ఆరే సమయం ముప్పై సెకన్లు పెట్టాను. బాత్రూములో మనిషి కదలకుండా కూర్చుంటే ముప్పై సెకన్లకు దీపం ఆరిపోతుంది. లోపల నుంచి ఆవిడ కేక. అయిదు నిమిషాలకు మార్చాను. రెండవది మన ఊళ్ళకు ప్రత్యేకమైనది. మే నెలలో ఈ సెన్సరు మందగించింది. పాడైందనుకున్నాను. తర్వాత తెలిసింది, అది చూసేది మన ఒంటి వేడికీ వెనక గోడ వేడికీ మధ్య తేడాను. వేసవిలో గోడలు కూడా ఒంటితో సమానంగా వేడెక్కితే దానికి మనిషెవరో గోడెవరో సరిగా తెలియదు. అందుచేత దీని ఒక్కదాని మీదే ఆధారపడకుండా పైన చెప్పిన గుచ్చే దీపాన్ని కూడా ఉంచాను. ఏ.సి. గాలి ఎదురుగా, కిటికీ తెర ఎదురుగా దీన్ని పెట్టవద్దు. ఊరికే వెలుగుతూ ఆరుతూ ఉంటుంది.

ఇక మూడవది, ఎలక్ట్రీషియన్ను పిలిచి మంచం ప్రక్కన టూవే స్విచ్చి పెట్టించడం. గోడ కొట్టనక్కరలేదు, పైనుంచే కేసింగ్ పట్టీలో తీగ వేశాడు. ముప్పై అయిదేళ్ళ క్రితం మేస్త్రీ చేత చేయించవలసిన పని అది.

ఇంతవరకు చెప్పినదానిలో ఇంటర్నెట్ లేదు, ఫోను లేదు, యాప్ లేదు. మీలో ఎవరైనా ఇక్కడితో లేచి కాఫీకి వెళ్ళిపోయినా నాకు అభ్యంతరం లేదు. మీకు కావలసినదానిలో ముప్పాతిక వంతు వచ్చేసింది.

ఫోనుతో నడిచే సరుకు మా ఇంట్లోకి మా అబ్బాయి వల్ల వచ్చింది. వాడు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాడు. తల్లి పడిందని తెలిసి పరుగున వస్తూ ఒక పెట్టె నిండా ప్లగ్గులు, దీపాలు తెచ్చాడు. తీరా చూస్తే అవన్నీ అక్కడి 120 వోల్టులవి. మన దగ్గర కరెంటు 230 వోల్టులు. పిన్నులు కూడా వేరు. అడాప్టరు పెట్టి గుచ్చుదామా అన్నాడు. అడాప్టరు పిన్నును మారుస్తుంది గాని వోల్టులను మార్చదు. ఆ పెట్టె అలాగే తిరిగి వెళ్ళింది. మీ పిల్లలు విదేశాల నుంచి ఏదైనా తెస్తామంటే, దాని మీద 100–240 అని రాసి ఉందో, 120 అని మాత్రమే రాసి ఉందో చూడమనండి. ప్రేమ ఉంటే చాలదు, వోల్టేజి కూడా కలవాలి.

తర్వాత ఇక్కడే స్మార్ట్ బల్బులు కొన్నాడు. ఇది మేము చేసిన తప్పు. మిమ్మల్ని ప్రత్యేకంగా హెచ్చరించవలసినదీ ఇదే. స్మార్ట్ బల్బు అంటే బల్బులోనే చిన్న రేడియో ఉంటుంది, ఫోను నుంచి వేయవచ్చు, ఆర్పవచ్చు. చాలా బాగుంది. కాని దానికి ఎల్లవేళలా కరెంటు అందుతూ ఉండాలి. గోడ మీద స్విచ్చి ఆర్పేస్తే బల్బు మామూలు గాజు ముక్కే, ఫోనుకు జవాబు చెప్పదు. గది నుంచి వెళుతూ స్విచ్చి ఆర్పడం మన తరానికి తల్లిదండ్రులు నేర్పిన బుద్ధి. ఆఫీసులో అయితే అటెండరు సాయంత్రం వరసగా బోర్డులన్నీ ఆర్పుకుంటూ వెళ్ళేవాడు. మా పనమ్మాయి ఆర్పేది, మా ఆవిడ ఆర్పేది, నేనే ఆర్పేవాణ్ణి. చివరకు స్విచ్చి మీద కాగితం అంటించి "ముట్టరాదు" అని రాశాను. మా ఆవిడ చూసి, "నా ఇంట్లో స్విచ్చి నొక్కడానికి కూడా మీ పర్మిషను తీసుకోవాలా?" అన్నది. ఆ మాట న్యాయమే.

అంతటితో పోలేదు. ఒక రాత్రి కరెంటు పోయింది. రెండు గంటలకు తిరిగి వచ్చింది. రాగానే ఇంట్లో ఉన్న స్మార్ట్ బల్బులన్నీ ఒక్కసారి నిండు వెలుగుతో వెలిగాయి. దొంగలు పడ్డారనుకుని నేను కర్ర తీసుకున్నాను. ఆ బల్బులు తయారై వచ్చేటప్పుడే కరెంటు రాగానే వెలగమని నిర్ణయించి ఉంటుందట. కరెంటు వచ్చాక మునుపటి స్థితిలోనే ఉండమని యాప్ లో మార్చుకోవచ్చు. ఈ సంగతి పెట్టె మీద ఎక్కడా లేదు, మనవడు వెతికి పట్టుకున్నాడు.

దీనికి సరైన మార్గం వేరే ఉంది. బల్బు మామూలుదే ఉంచి, గోడ బోర్డు లోపల స్విచ్చి వెనక చిన్న మాడ్యూలు పెట్టిస్తే, గోడ స్విచ్చీ పనిచేస్తుంది, ఫోనూ పనిచేస్తుంది. ఎవరి అలవాటు వారిది. అయితే ఆ మాడ్యూలుకు బోర్డులో న్యూట్రల్ తీగ కావాలి. మన పాత ఇళ్ళలో ప్లగ్గు సాకెట్ ఉన్న బోర్డులో న్యూట్రల్ ఉంటుంది, స్విచ్చిలు మాత్రమే ఉన్న బోర్డులో చాలాచోట్ల ఉండదు. కొనబోయే ముందే ఎలక్ట్రీషియన్ చేత మూత తీయించి చూపించుకోండి. మీరు స్వయంగా మూత తీయవద్దు. యూట్యూబులో కుర్రవాడు చేశాడని మనం స్టూలెక్కకూడదు. స్టూలు మీద నుంచి పడినా అదే తుంటి ఎముక.

ఇప్పుడు గీజరు సంగతి. మా ఇంట్లో గీజరు ఆర్పడం మరచిపోయేది నేనే. స్మార్ట్ ప్లగ్గు అని వస్తుంది, సాకెట్లో దాన్ని గుచ్చి, దానిలో వస్తువు ప్లగ్గును గుచ్చాలి. ఎప్పుడు వెలగాలో, ఎంతసేపటికి ఆరాలో చెప్పవచ్చు. ఇక్కడ కాస్త లెక్క చేయాలి. గీజరు 2000 వాట్లది అయితే, 230తో భాగిస్తే దాదాపు 8.7 యాంపియర్లు. 3000 వాట్లది అయితే 13. కనుక 6 యాంపియర్ల, 10 యాంపియర్ల స్మార్ట్ ప్లగ్గు చవకగా వస్తున్నదని గీజరుకు కొనకూడదు. 10 యాంపియర్లది 2000 వాట్లకు కాగితం మీద సరిపోతుంది, కాని అంచు మీద నడిపించడం మంచిది కాదు. 16 యాంపియర్లదే కొనాలి, గుచ్చే సాకెట్ కూడా 16దే అయి, పిన్నులు వదులుగా కాకుండా గట్టిగా పట్టి ఉండాలి. మొదటి రెండు మూడు రోజులు గీజరు ఆరిన తర్వాత చేత్తో ముట్టి చూడండి. ప్లగ్గు బాగా వేడెక్కినా, వాసన వచ్చినా తీసేయండి. మాకు తెల్లవారుజామున 5 గంటల 10 నిమిషాలకు వెలిగి 5.40కి ఆరిపోతుంది. అరగంటకు 2000 వాట్లంటే ఒక యూనిట్. ఆవిడ స్నానానికి వెళ్ళేసరికి గీజరులో కరెంటే ఉండదు. అది డబ్బు కంటె ముఖ్యం.

ఏవి పెట్టకూడదో కూడా చెప్పాలి. ఇస్త్రీపెట్టె, బకెట్లో వేసే హీటరు రాడ్డు, రూమ్ హీటరు – మనిషి కన్ను లేకుండా వెలగకూడనివి. బకెట్లో నీళ్ళు లేకుండా రాడ్డు వెలిగితే ఏమవుతుందో ఊహించుకోండి. ఫ్రిజ్, ఆక్సిజన్ మిషను – మనం పొరపాటున ఫోను నొక్కితే ఆరిపోకూడనివి. నీళ్ళ మోటారును స్మార్ట్ ప్లగ్గుకు తగిలించవద్దు. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుగా లాగేదానికి ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, ప్లగ్గు లోపలి మీట కాలి అతుక్కుపోయే ప్రమాదం ఉంది. దానికి వాటర్ లెవెల్ కంట్రోలర్ అని వేరే పరికరం ఉంది. ట్యాంకు నిండగానే ఆపుతుంది, సంపులో నీళ్ళు లేకపోతే మోటారు వేయదు. మా వీధిలో ఎవరి ట్యాంకు పొర్లుతున్నదని కేకలు వేయడం దాంతో తగ్గింది.

వీటన్నిటికంటె ముందు మెయిన్ బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్.సి.సి.బి. ఉన్నదో లేదో చూపించుకోండి. పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు రెండూ సమానంగా ఉన్నాయా అని అది లెక్క చూస్తూ ఉంటుంది. మన క్యాషియరు సాయంత్రం క్యాష్ బుక్ కట్టినట్లే. తేడా వస్తే, అంటే మనిషి ఒంట్లోంచి గాని, తడి గోడలోంచి గాని కరెంటు నేలలోకి పోతుంటే, రెప్పపాటులో లైన్ ఆపేస్తుంది. దాని మీద 'టి' అనే అక్షరంతో ఒక బొత్తాం ఉంటుంది. నెలకొకసారి నొక్కి చూడాలి, టక్కున పడిపోవాలి. నేను పెన్షను పడ్డ రోజున నొక్కుతాను, గుర్తుంటుంది. 1986 నాటి మా ఇంట్లో అది లేదు, ఎర్తు గుంత ఎండిపోయి ఉంది. దీపాల సరదా వల్ల ఆ రెండూ బయటపడ్డాయి.

ఇంటర్నెట్ గురించి రెండే మాటలు. ఈ పరికరాలలో ఎక్కువ భాగం వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ అనే దానికే కలుస్తాయి. రౌటరులో రెండు పేర్లు కనిపిస్తే 5 అని లేని దానికి కలపండి. కరెంటు పోతే రౌటరూ పోతుంది. దానికి చిన్న యు.పి.ఎస్. దొరుకుతుంది. ఒక ప్లగ్గు విషయంలో అయితే రెండేళ్ళకే తయారుచేసినవారు తమ వైపు సేవ నిలిపివేశారు, వస్తువు బాగానే ఉంది, యాప్ మాత్రం తెరుచుకోదు. ఇప్పుడు 2022లో వచ్చిన 'మ్యాటర్' అనే ఉమ్మడి ప్రమాణం గుర్తు ఉన్నవి కొంటే, ఒకే కంపెనీ యాప్ కు కట్టుబడి ఉండనక్కరలేదు. ఏది కొన్నా ఒక పరీక్ష పెట్టండి. రౌటరు ఆపేసి, ఈ వస్తువును చేత్తో వేయగలమా, ఆర్పగలమా? లేకపోతే అది మన ఇంటికి వద్దు. 1996 నవంబరు తుపానుకు మా ప్రాంతంలో రోజుల తరబడి కరెంటే లేదు. లాంతరు, టార్చి, అగ్గిపెట్టె ఇప్పటికీ మా ఇంట్లో వాటి చోట్లలో ఉన్నాయి.

మాటతో నడిచే స్పీకరు కూడా ఒకటి పెట్టాడు అబ్బాయి. మా ఇంట్లో ఉన్నదానికి ఇంగ్లీషు, హిందీ తప్ప తెలుగు అర్థం కాదు. మా ఆవిడకు దానితో ఇంగ్లీషులో మాట్లాడడం సిగ్గు. నేను మాట్లాడితే దానికి నా ఇంగ్లీషు అర్థం కాదు. ముప్పై అయిదేళ్ళు ఇంగ్లీషులో డ్రాఫ్టులు రాసిన వాడిని! దాన్ని రేడియోలా పాటలకు వాడుకుంటున్నాము.

ఇక కెమెరా. ఇది చాలా ఇళ్ళలో జరుగుతున్న గొడవే. హాల్లో కెమెరా పెడతాను, అక్కడ నుంచి మిమ్మల్ని చూసుకుంటూ ఉంటాను అన్నాడు వాడు. "ఇంట్లో చీర సరిగా కట్టుకున్నానా లేదా అని రోజంతా చూసుకుంటూ కూర్చోలేను నాయనా, వద్దు" అన్నది తల్లి. వాడికి కష్టం తోచింది. రెండు రోజులు మాటలు సరిగా లేవు. తప్పు ఎవరిదీ కాదు. వాడి భయం వాడిది, ఆవిడ మర్యాద ఆవిడది.

చివరకు కుదిరిన రాజీ ఏమంటే, పెరటి తలుపుకు చిన్న అయస్కాంతపు సెన్సరు. తలుపుకు ఒక ముక్క, ద్వారబంధానికి ఒక ముక్క. రెండూ విడిపోగానే వాడి ఫోనుకు కబురు వెళుతుంది. మా ఆవిడ రోజూ అయిదున్నరకు పెరటి తలుపు తీస్తుంది. అప్పుడు వాడికి ముందు రోజు సాయంత్రం ఏడు గంటలు, చలికాలంలో ఆరు. ఆ సమయానికి ఫోనులో గంట మోగితే అమ్మ లేచింది, నడుస్తున్నది అని వాడికి తెలుస్తుంది. బొమ్మ లేదు, మాట లేదు. ఒకరోజు సెన్సరులో సెల్లు అయిపోయింది. వాడు మాకు ఫోను చేస్తే, నా ఫోను చార్జింగులో ఇంకొక గదిలో ఉంది. పావుగంటలో ప్రక్కింటివారు తలుపు బాదారు. మా ఆవిడ చేతిలో కాఫీ గ్లాసుతోనే వెళ్ళి తలుపు తీసింది. అప్పటి నుంచి సెల్లు మార్చిన తేదీ పుస్తకంలో రాస్తున్నాను.

ఆ పుస్తకం గురించే చివరిగా చెప్పాలి.

మన సంఘ సభ్యుడే, నాతో ఒకే సెక్షనులో పనిచేసినవారు, పేరు చెప్పను, నాకంటె ముందే ఇవన్నీ తన ఇంట్లో పెట్టించారు. ఉత్సాహవంతులు. 2024లో పోయారు. ఆయన పోయిన తర్వాత వరండా దీపం రోజూ సాయంత్రం ఆరుంబావుకు వెలుగుతూనే ఉంది, రాత్రి పదికి ఆరుతూనే ఉంది. హాలు ఫ్యాను కూడా ఆయన పెట్టిన వేళకే తిరుగుతున్నది, ఆగుతున్నది. ఆవిడకు ఎలా మార్చాలో తెలియదు. అంతా ఆయన ఫోనులో, ఆయన నంబరు మీద ఉంది. రీఛార్జి చేయక ఆ నంబరు ఆగిపోయింది, ఓ.టి.పి. రాదు. పదిహేను రోజుల తర్వాత మా ఇంటికి కబురు పంపింది. "అన్నయ్యగారూ, సాయంత్రమైతే ఆ దీపం వెలుగుతుంటే నాకు ఆయన వచ్చినట్టు ఉంటోంది, చూడలేకపోతున్నాను" అన్నది. వెళ్ళి చూశాము. ఆ ప్లగ్గు మీద బొత్తాము ఉంది, దాన్ని కొన్ని సెకన్లు అలాగే నొక్కి పట్టుకుంటే పాతదంతా చెరిగిపోయి మామూలు ప్లగ్గు అవుతుంది. ఫ్యానుదీ అలాగే. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాల పని ఎవరూ చెప్పక ఆవిడ పదిహేను సాయంత్రాలు అలా గడిపింది.

మనం బదిలీ అయినప్పుడు చార్జి లిస్టు రాయకుండా ఏనాడైనా సీటు వదిలామా? బీరువా తాళాలు, స్టాంపులు, పెండింగు ఫైళ్ళు అన్నీ రాసి, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు సంతకాలు చేసేవాళ్ళం. ఇంటికి వచ్చి ఆ అలవాటు మరచిపోయాము.

నేను ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకంలో చార్జి లిస్టు రాశాను. ఏ గదిలో ఏ పరికరం, ఎప్పుడు కొన్నది, ఎన్ని యాంపియర్లు, ఏ సమయానికి వెలుగుతుంది, సెల్లు ఎప్పుడు మార్చింది, చెరిపి మామూలుగా చేయాలంటే ఏ బొత్తాం ఎంతసేపు నొక్కాలి, ఎలక్ట్రీషియన్ నంబరు. ఇదంతా తెలుగులో, పెద్ద అక్షరాలతో. పాస్ వర్డులు వేరే కవరులో పెట్టి, పెన్షను పుస్తకంతో పాటు బీరువాలో ఉంచాను. యాప్ లో మా ఆవిడ ఫోనును, అబ్బాయి ఫోనును కూడా కుటుంబ సభ్యులుగా చేర్చాను. కంపెనీ నుంచి మాట్లాడుతున్నామని ఎవరు ఫోను చేసి ఓ.టి.పి. అడిగినా చెప్పకూడదని మొదటి పేజీలోనే ఎర్ర సిరాతో రాశాను. పోయిన నెలలో ఒక ఆదివారం మా ఆవిడను కూర్చోబెట్టి, పుస్తకం చూస్తూ ఒక్కొక్కటే ఆవిడ చేతనే చేయించాను. గీజరు ప్లగ్గు దగ్గర రెండుసార్లు తప్పింది, మూడవసారి చేసింది. చివరి పేజీలో 'పుచ్చుకున్నవారు' అన్న చోట సంతకం పెట్టమన్నాను. "ఇప్పుడెందుకండీ ఈ సంతకాలు" అని విసుక్కున్నది గాని, పెట్టింది.

ఆ చార్జి లిస్టు నమూనా జిరాక్సు కాపీలు ముప్పై తెచ్చాను, కార్యదర్శిగారి బల్ల మీద ఉన్నాయి. కావలసినవారు తీసుకోవచ్చును. చాలకపోతే వచ్చే నెల మరికొన్ని తెస్తాను. ఇంట్లో చూడదలచినవారు సాయంత్రం ఆరు దాటిన తర్వాత రండి, అప్పటికి దీపాలు వెలుగుతాయి.